తేలిక చేసిన పాట

జూన్ 8

మొదటి క్లాసు. ఫ్లోరా టీచర్ ఇంట్లో, పియానో ముందు, చెప్పులు గుమ్మంలో వదిలి కూర్చున్నాను. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు — నా వేళ్ళకు అంకెలు పెట్టింది. సేదరపేట్‌లో మందుల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మడిచి మడిచి బిరుసెక్కిన వేళ్ళు... ఒక్కటీ ఒంటరిగా కదలదు. ఒకటి దిగితే పక్కది కూడా దిగుతుంది.

ఎందుకు నేర్చుకుంటున్నారు, అంది. ఊరికే, అన్నాను.

చెల్లెలి సంగతి చెప్పలేదు.

జూన్ 10

చెల్లెలు వసంతకు గొంతులో గడ్డ వచ్చి, స్వరపేటిక తీసేసి ఏడాది కావస్తోంది. పాటల ట్రూపులో పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పాడిన మనిషి. మెడ మీద రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. మాటలు పెదవుల మీదే ఆగిపోతాయి. పెద్ద మాటైతే ఫోనులో టైపు చేసి చూపిస్తుంది — తమిళంలో, దానికి తెలుగు రాయడం రాదు. ఆపరేషన్ నుంచీ నా దగ్గరే ఉంటోంది. రేడియో పెట్టనివ్వదు. పక్కింటి టీవీలో పాట వస్తే లేచి కిటికీ మూస్తుంది.

ఇంట్లో ఒక్క పాటైనా వినపడాలి. నాకు పాడటం రాదు. అందుకే ఇది. పిచ్చి ఆలోచనే.

జూన్ 15

కొత్తవాళ్ళ కోసం టీచర్ సినిమా పాటల్ని తేలిక చేసి రాసుకుంది. జిరాక్సులు ఇచ్చింది. మూడో కాగితం మీద వసంత పాడే వాన పాట. అదే పైకి తీసి పెట్టాను.

టీచర్ వాయించి చూపించింది. కండ పోయి ఎముకలు మిగిలినట్టుంది. "మొదట ఇంతే వస్తుంది కన్నా. పోను పోను మిగతాది."

జూన్ 22

టీచర్ పాత కీబోర్డు ఇచ్చింది, వాడుకోమని. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వసంత చూసింది. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. నేను వాయించినంతసేపూ నీళ్ళ చప్పుడు.

జూన్ 23

ఎదురింటి పిన్నమ్మ — "ఏంది పాపా, ఈ వయసులో నీకీ టింగుటింగు?"

నవ్వి తలుపు దగ్గరికి వేశాను.

జూలై 2

కుడిచెయ్యి ఒక్కటే అయితే రెండు వరుసలు వస్తున్నాయి. ఎడమచెయ్యి కలిపానంటే రెండూ తగవు పడతాయి. షిఫ్టు దిగేసరికి వేళ్ళు వాచి ఉంటాయి. బస్సులో ముందు సీటు కమ్మీ మీద వాయిస్తూ వస్తాను. కమ్మీ మీద తప్పు వినపడదు.

జూలై 13

ఏది లేదో ఇవాళ తెలిసింది. రెండో వరుస చివర వసంత గొంతు పై స్వరం నుంచి కిందికి జారేది. జారుతూ మధ్యలో ఎక్కడో నిలబడేది. జనం అక్కడే ఈల వేసేవాళ్ళు. పియానో మెట్లలో ఆ చోటు లేదు. ఈ మెట్టు, లేదంటే ఆ మెట్టు.

టీచర్‌ని అడిగాను. దీంట్లో అది రాదమ్మా, అంది. పెద్ద పుస్తకాల్లో? "ఏ పుస్తకంలోనూ రాదు."

మరి ఏం నేర్చుకుంటున్నట్టు నేను...

జూలై 14

వసంత కొట్టుకు వెళ్ళిందని వాన పాట వాయిస్తున్నాను. తలెత్తితే గుమ్మంలో ఉంది. చేతిలో కూరల సంచి. సంచి దించి, ఫోను తీసి, చాలాసేపు టైపు చేసింది.

"నా గొంతు చచ్చిపోయిందని నాకు తెలుసు. నువ్వు రోజూ చూపించక్కర్లేదు."

"నేనేం చేసేది వసంతా. ఇల్లు ఇట్లా గమ్మున ఉంటే నాకు బయంగా ఉండాది," అన్నాను.

సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. వంకాయలు తరిగింది. అన్నం నాకు పెట్టింది, తను తినలేదు.

జూలై 15

వాయించలేదు. కీబోర్డు మీద దుప్పటి కప్పాను.

జూలై 20

టీచర్‌కి అంతా చెప్పేశాను. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఆమె ముందు సిగ్గేసింది. ఇది ఆమె కోసమా, నీ కోసమా, అని అడిగింది టీచర్. జిరాక్సులు సర్దుకుని బస్సెక్కాను.

ఆగస్టు 3

స్కాన్ తీశారు. రంధ్రం పక్కన మళ్ళీ గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు నాతోనే మాట్లాడాడు, దాని వైపు చూడలేదు. నోరు లేనివాళ్ళకు చెవులు కూడా ఉండవనుకుంటారేమో.

తిరిగి వస్తూ బీచ్ రోడ్డులో దిగుదామని సైగ చేసింది. రాళ్ళ మీద కూర్చున్నాం. రెండు పొట్లాలు శనగల సుండల్ కొనిపించుకుంది. నాది నేను విప్పలేదు. నా పొట్లం కూడా అదే తిన్నది.

ఆగస్టు 6

బట్టలు మడుస్తున్నాను. వసంత వచ్చి దుప్పటి లాగేసింది. కుర్చీ చూపించింది. పెదవులు — వాయించు.

"ఏంది, నిజంగానా?"

తల ఊపింది.

మొదటి వరుసలోనే తప్పాను. వేలితో టేబుల్ మీద కొట్టింది. పెదవులు — మళ్ళీ. మళ్ళీ తప్పాను. మళ్ళీ. దాని ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. ట్రూపులో కొత్త డ్రమ్ము వాడిని ఇట్లాగే కూర్చోబెట్టేది.

ఎన్నోసారో తెలియదు, రెండో వరుసలోకి వచ్చాను. ఓరకంట చూస్తే పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. మాట్లాడటం కాదు. పాడుతోంది. మెడ మీది గుడ్డ ఊపిరికి లేస్తోంది, పడుతోంది. చప్పుడు లేదు.

తలెత్తాను. వేళ్ళు చెదిరిపోయాయి. కీబోర్డు మెట్ల వైపు చూడమని వేలు చూపించింది. నాకింకా చూడకుండా వాయించడం రాదు. మెట్లు చూస్తే అది కనపడదు. దాన్ని చూస్తే పాట ఉండదు.

మెట్లే చూశాను. ఆ జారే చోట దాని ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

ఆగస్టు 9

ఆసుపత్రి నుంచి ఫోను. రిజల్టు వచ్చిందట, రేపు ఉదయం రమ్మన్నారు, అక్కడ ఉండటానికి బట్టలతో. ఫోనులో ఇంకేమీ చెప్పలేదు.

సాయంత్రం వసంత ఇస్త్రీ పెట్టె తీసింది. రెండు నైటీలు, తువ్వాలు, మెడకు కట్టుకునే గుడ్డలు. ఆఖర్న బీరువాలోంచి పచ్చ పట్టుచీర — స్టేజీ మీదికి కట్టేది.

"అదెందుకే ఇప్పుడు?"

పెదవులు కదిలాయి. అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పలేదు. ఫోను అందించాను, తీసుకోలేదు. చీర మడతలు సరిచేసి సంచిలో అడుగున పెట్టింది, పైన నైటీలు.