ఈసారి కవరులో జమ్మి లేదు

హుస్నాబాద్,
దసరా వెళ్ళిన నాలుగో నాడు, 1968.

చిరంజీవి సౌభాగ్యవతి అనసూర్యకు అన్న మొగిలి దీవెనలు. ఇక్కడ అవ్వ, మీ వదిన, పిల్లలు, ఆఖరికి మన బర్రెతో సహా అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, రాయమల్లు బావ, పిల్లలు బాగున్నారని పండుగకు వచ్చిన ఇస్తారి చెప్పాడు. ఎల్లుండి మళ్ళీ బొగ్గుబాయి డ్యూటీకి బెల్లంపల్లి వస్తున్నాడు. పోస్టును నమ్మకుండా ఈ కవరు అతని చేతికే ఇస్తున్నాను.

కవరు విప్పగానే జమ్మి ఆకు కోసం దులిపి చూసి ఉంటావు. దులపకు తల్లీ. ఈసారి ఆకు పెట్టలేదు. మరిచిపోయి కాదు. ఎందుకో ఇందులోనే చెప్తాను కానీ, నన్ను నా తీరుగా చెప్పనియ్యి. ఏది చేతికి దొరికినా ముందు చివరి పేజీ చదివే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ ఒక్క ఉత్తరం మాత్రం వరుసగా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వకు మోకాళ్ళ నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు. బర్రె ఈనింది, దూడ ఆడదే. మొదటి జున్ను మీ పేరు చెప్పి మేమే తిన్నాం. బావ పంపిన గుడ్డతో అంగీ కుట్టించాను, దర్జీ మెడ దగ్గర బిగించేశాడు. అయినా కరీంనగరం అదే తొడుక్కుని పోయాను. ఇక నువ్వు ఇస్తారి చేత పంపిన గరిజల డబ్బా అందింది. సగం మా పిల్లలకు, సగం "మా రాజన్నకు" అని రాశావు. రాజన్న భాగం అలాగే ఉంది. మీ వదిన ఎందుకని అడిగితే డబ్బా తీసి పైన పెట్టేశాను.

మా కాలేజీ వాళ్ళ కలయిక ఎట్లా జరిగిందని అడిగావు. అదే రాస్తున్నాను.

మేం కరీంనగరం కాలేజీ విడిచి పదేండ్లయిందని నీకు తెలుసు. విడిచిపోయే నాడే ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రతి దసరాకు ఎవరి ఊరి జమ్మి వాళ్ళు కవరులో పెట్టి మిగిలిన వాళ్ళకు పంపాలి, పదో ఏడు మాత్రం అందరూ స్వయంగా తెచ్చి చేతిలో పెట్టాలి. మొదట్లో ఆకులు కట్టలు కట్టలుగా వచ్చేవి. నౌకర్లు, పెండ్లిళ్ళు అయినకొద్దీ కొందరి కవర్లు ఆగిపోయాయి. ఒక్క లక్ష్మీరాజం మాత్రం ఏ ఏడూ తప్పలేదు. నాకు పంపినట్టే నీకూ పంపాడు. "సొంత అన్న కన్నా ముందు రాజన్న ఆకే వచ్చింది" అని నువ్వు నన్ను దెప్పిన ఉత్తరాలు ఇంకా నా పెట్టెలో ఉన్నాయి.

పండుగ మరునాడు మానేరు ఒడ్డున మామిడితోటలో కలిశాం. అనుకున్నదానికన్నా ఎక్కువ మందే వచ్చారు. ఒకరికి పొట్ట, ఒకరికి బట్టతల, ఒకడైతే తాసిల్దారయ్యానని కుర్చీ కావాలన్నాడు. వాణ్ణి లాగి చాప మీద కూర్చోబెట్టాం. ఏర్పాట్లన్నీ రాజమే చేశాడు. గనులకు కర్ర సప్లై చేసే కంట్రాక్టు బాగా నడుస్తున్నట్టుంది, చేతికి గడియారం, కాళ్ళకు బూట్లు. నన్ను చూడగానే దూరం నుంచే "మొగిలీ" అని ఉరికి వచ్చాడు. చేతిలో జమ్మి పెట్టాడు. నేనూ పెట్టాను. గట్టిగా అలాయ్ బలాయ్ తీసుకున్నాం. నా కొత్త అంగీ చంక దగ్గర పుటుక్కుమన్నది. అప్పుడే ఇంకో రెమ్మ తీసి "గిది చెల్లెకు. వచ్చే ఐతారం బెల్లంపల్లి పోతున్న గని, ఆకు ముందుగాల నీ కవర్ల పోవాలె" అన్నాడు. దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ ఘడియలో నాకంటే సంతోషంగా ఉన్నవాడు ఆ తోటలో లేడు.

భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావు? జమ్మికుంట కైలాసం సారు. రాజం చెల్లె సారక్క మొగుడు. మా కన్నా పై తరగతిలో చదివాడు కాబట్టి బామ్మర్ది పిలిస్తే వచ్చాడు. నీతో ఖాయమై, తాంబూలాల ముందు చెడిపోయిన సంబంధం ఆయనదే. ఆ పేరు నా చేతితో నీకు రాయాల్సి వస్తుందని అనుకోలేదు. అప్పటి నుంచి ఎక్కడ ఎదురైనా నేను తల తిప్పుకునే వాణ్ణి. ఈసారి విస్తరి ముందు తిప్పుకోవడానికి వీలు లేకపోయింది.

మనిషి మెత్తనివాడు. చాలాసేపు నసిగి, మెల్లగా అడిగాడు.

"మొగిలన్నా, అడగాల్నా వద్దా అని ఎనుకాడుతున్న. మీ చెల్లె పానం ఇప్పుడెట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. ఏమైంది?"

"అదే, ఆ మూర్ఛలు. పిల్లలు పుట్టినంక తగ్గుతయంటరు. తగ్గినయా?"

"ఏ మూర్ఛలు?" అన్నాను.

"నా దగ్గర దాచుడెందుకన్నా? అప్పుడే రాజం మా ఇంటికొచ్చి చెప్పిండు గదా. నెలకోపారి పడిపోతదని, బస్టాండుల పడిపోతే తనే నీళ్ళు చల్లిండని. చెప్పి మాకు మంచే చేసిండు. గని మీ చెల్లెను తలుసుకుంటే నాకు ఇయ్యాల్టికీ పాపమనిపిస్తది."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది అనసూర్యా.

నీకు గుర్తుందా? కాలేజీ చూస్తానని మారాం చేసి, శనివారం ఒక్కపొద్దుతో, నడి ఎండకాలంలో కరీంనగరం వచ్చావు. బస్సు దిగగానే కండ్లు తిరిగి కూలబడ్డావు. సోడా దుకాణానికి ఉరికి నీళ్ళు తెచ్చింది రాజమే. తన తువ్వాలతో విసిరింది రాజమే. నీ జన్మలో నువ్వు పడిపోయింది ఆ ఒక్కసారి. ఆ రోజు నుంచే నువ్వు వాణ్ణి రాజన్న అన్నావు. నీకు పోసిన ఆ నీళ్ళనే వాడు జమ్మికుంట తీసుకుపోయి నీ మీద విషంగా పోశాడు.

తల ఎత్తి చూస్తే రాజం కూర గిన్నె పట్టుకుని వరుసలో వడ్డిస్తూ మా ముందే నిలబడి ఉన్నాడు. విన్నాడు. గిన్నె పక్కవాడికి ఇచ్చి, నా రెక్క పట్టుకుని చెట్ల చాటుకు తీసుకుపోయాడు.

"జర ఇను మొగిలీ. అయ్యిందేదో అయ్యింది. మా సారక్కకు ఈడు దాటిపోతున్నది. మా బాపు ఫికర్ తోని మంచం వట్టిండు. మంచి పిలగాడు, సర్కారు నౌకరి. నోట్లెకెళ్ళి ఒక మాట జారింది."

"జారిందా? నెలకోపారి అని లెక్క జెప్పి జారిందా?"

"చెల్లెను నేనేమన్న ఆగం చేసిన్నా? బెల్లంపల్లి సంబంధం తెచ్చింది నేను గాదా? కంపెనీ నౌకరి, క్వార్టరు. రాయమల్లుకు రెండో పెండ్లి అయితేంది, బంగారమసొంటి మనిషి."

నేను తల దించుకున్నాను. అది చూసి వాడికి ధైర్యం వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దుగాల్నే జమ్మి పెట్టుకున్నం. అలాయ్ బలాయ్ తీసుకున్నం. జమ్మి పెట్టుకున్నంక పాతది తియ్యొద్దు. బడిల పిల్లలకు నువ్వే చెప్తవు గదా సారూ."

అవును, నేనే చెప్తాను. ఎంత కొట్లాడినా దసరా నాడు జమ్మి పెట్టుకుంటే చెల్లిపోయినట్టేనని ఏడాదికోసారి నల్లబల్ల ముందు నిలబడి చెప్తాను. కానీ ఏం చెల్లిపోతున్నదో నాకు తెలియకుండానే వాడు నా చేతిలో ఆకు పెట్టి, గుండెకు గుండె ఆనించి, చెల్లు రాయించుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఏడాదికొక ఆకు పంపి, వాడు నన్ను ఇన్నాళ్ళు పిచ్చివాణ్ణి చేశాడు. సారక్క పెండ్లికి నేను రానంటే ఇంటికి వచ్చి "మీది చెడినంకనే మాకచ్చింది, నువ్వు లేకుంటే పందిరెయ్య" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. నేను పోయి నడుముకు తువ్వాల చుట్టుకుని, బంతిలో కైలాసానికి నా చేతులతో అన్నం వడ్డించాను. ఆ అన్నం నీది.

రాయమల్లు బావను తక్కువ చేసి ఈ మాట రాయడం లేదు. నిన్ను కండ్లల్లో పెట్టుకుని చూస్తున్నాడు, అది నాకు తెలుసు. అది బావ మంచితనం, రాజం గొప్ప కాదు. కానీ సంబంధం తప్పిపోయిన నాడు నువ్వు అవ్వ ఒడిలో తల పెట్టుకుని "నాల ఏం తక్కువ జూసిండ్రే?" అని అడిగావు. ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాం. జవాబు తెలిసినవాడు ఆ పూట మన అర్రలోనే కూర్చుని నీకు ధైర్యం చెప్తున్నాడు. నీలో ఏ తక్కువా లేదు చెల్లె. ఏనాడూ లేదు. ఈ ఒక్క ముక్క నీకు రాయడానికే నేను ఇంత పొడుగు ఉత్తరం మొదలుపెట్టాను.

తోట నుంచి నేను ఇంటికి రాలేదు. జమ్మికుంట బస్సు ఎక్కాను. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సంబంధం తెచ్చింది జమ్మికుంటలో ఉండే మన మేనత్త శంకరవ్వ. తన కొడుకు కొమురెల్లికి నిన్ను అడిగితే మనం ఇవ్వలేదని, కడుపులో మంట పెట్టుకుని ఆమే చెడగొట్టిందని బాపు తీర్మానించాడు. తోడబుట్టినదాని గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు, ఆ ఒట్టుతోనే పోయాడు. మనమూ ఆ గడప తొక్కలేదు.

శంకరవ్వత్తకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. అరుగు మీద కూర్చుని పత్తి గింజలు తీస్తున్నది. కాళ్ళకు మొక్కి, మన ఊరి జమ్మి మిగిలి ఉంటే ఆమె చేతిలో పెట్టాను. ఆకును వేళ్ళతో తడిమింది.

"ఎవ్వరు బిడ్డా?"

"మొగిలిని అత్తా. హుస్నాబాద్ మొగిలిని."

"తొవ్వ దప్పి వచ్చినవా?"

తప్పిపోయి రాలేదని, జరిగిందంతా చెప్పాను. ఆమె గింజలు పక్కకు జరిపి అన్నది.

"నేను చెడగొట్టలేదురా అని మీ బాపు కాళ్ళ మీద వడ్డ. ఇన్లే. ఆయన సచ్చిపోయిండని తెలిసి ఉరికొస్తే, గడప కాడ్నే ఆపిన్రు. తోడబుట్టినోని మొకం సూడనియ్యలే." మళ్ళీ అడిగింది. "గా పిల్ల మంచిగున్నదా? ఆ పిల్లకు చెప్పిన్రా, నేను గాదని?"

"చెప్తా అత్తా" అన్నాను. చెప్పాను. ఇక ఆమె మాట నీకు అందింది.

ఇంటికి వచ్చి అవ్వకూ చెప్పాను. అవ్వ శాపాలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, దీపావళికి శంకరవ్వను తీసుకురమ్మని, బండి మాట్లాడమని చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. రాజం పేరు ఎత్తలేదు. వాడికి ఎన్నిసార్లు సొంత కొడుకులాగా వడ్డించిందో నీకూ తెలుసు.

ఇక ఆకు సంగతి. రాజం నాకు పెట్టిన ఆకు ఇంకా ఆ అంగీ జేబులోనే ఉంది. పారేయడానికి చెయ్యి రాదు, దేవుని దగ్గర పెట్టడానికి మనసు రాదు. మీ వదిన అంగీ ఉతుకుతానంటే ఇవ్వలేదు. తెలియక తీసుకున్నాను కాబట్టి దాని బాధ నేను పడతాను.

కానీ నీకని ఇచ్చిన రెమ్మ నా దగ్గర లేదు. తోట విడిచే ముందు, అందరూ ఫోటో కోసం నిలబడుతుంటే, రుమాలు విప్పి దాన్ని తిరిగి రాజం చేతిలో పెట్టాను. వాడు ముందు అది నేనిచ్చే జమ్మి అనుకుని నవ్వాడు.

"ఇది మా చెల్లెది" అన్నాను. "నా కవర్ల పోదు. నువ్వే తీస్కపో. ఏం జేసినవో ముందుగాల నీ నోటితోని చెప్పు, అటెంక పెట్టు."

వాడి నవ్వు పోయింది. నేను ఫోటోలో నిలబడలేదు.

ఐతారం నాడు వాడు మీ క్వార్టరుకు వస్తాడో, మొహం చాటేస్తాడో నాకు తెలియదు. వస్తే ఎప్పటిలాగే గడప బయటి నుంచే "చెల్లే" అని పిలుస్తాడు, నేను తిరిగిచ్చిన ఆ రెమ్మ జేబులో నుంచి తీస్తాడు. నువ్వు కొంగు సర్దుకుని చెయ్యి చాపుతావు. అందుకే ఈ ఉత్తరం వాడికన్నా ముందు చేరాలని నా ఆరాటం. బావను పక్కన కూర్చోబెట్టుకో. మంచినీళ్ళు ఇయ్యి, దాహానికి వచ్చిన వాళ్ళకు మన ఇంట్లో లేదనం. చెయ్యి మాత్రం కొంగులోనే ఉంచుకో. ముందు చెప్పమను. అంతా విన్న తర్వాత చాపుతావో, చాపవో, అది నీ చెయ్యి. ఈసారి నీ బదులు ఎవ్వరమూ తీసుకోము.

ఇట్లు,
ఆకు లేని కవరు పంపుతున్న
నీ అన్న
మొగిలి