మిషను పత్రికలో మా అవ్వ

మేడ్చల్ దగ్గర గౌడవెల్లి నివాసి, దావీదు కొడుకు యోహాను, వయసు డెబ్బై రెండు, జీడిమెట్ల మందుల కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేసి రిటైరైన నేను ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా. నా మతి స్థిమితంగానే ఉంది. నాకు చాదస్తం ముదిరిందని నా కొడుకు గిడియోన్ సంఘంలో చెప్పుకు తిరుగుతున్నాడు గనుక డాక్టరు చీటీ కూడా జతచేశాను.

1. నా తదనంతరం ఇల్లు నా భార్య ఏసమ్మకు, ఆమె తర్వాత పిల్లలిద్దరికీ సమానంగా చెందాలి.

2. గిడియోన్‌కు నా కోటు, టై. వేదికలెక్కే సరదా ఉన్నవాడికి పనికొస్తాయి. సంఘం నూరేళ్ల పుస్తకంలో మా తాత యాకోబు గొప్పలు వేయాలని, పాత మిషను పత్రికలు ఇంటర్నెట్‌లో పెట్టారట, వెతకండని నన్నూ తన చెల్లెలు ప్రిస్కిల్లానూ పంపింది ఈ మహానుభావుడే. ఆరాధన అయ్యాక మూడు ఆదివారాలు మేడ్చల్ నెట్ సెంటర్‌లో కూర్చున్నాం. 1918 జ్వరాల ఏటి పత్రికలో తాత పేరు ఒక్కచోట దొరికింది: పిల్లల్ని తీసుకొని శామీర్‌పేటకు పారిపోయిన భర్త అని. ఊళ్లోనే ఉండి, ఇల్లిల్లూ తిరిగి జ్వరం పడ్డవాళ్లకు గంజి పోసి, ఆ జ్వరంతోనే చనిపోయింది ఆయన భార్య, మా అవ్వ సుక్కమ్మ. సమాధుల తోటలో దక్షిణం గోడ పక్కన పూడ్చారని కూడా రాసి ఉంది.

ఆ కాగితం చూపిస్తే వాడన్న మాట: "గవన్నీ ఇప్పుడెందుకు నాయినా, పుస్తకం అచ్చుకు పోయింది." పోలేదు. నేను ప్రెస్సుకు వెళ్లి అడిగి వచ్చాను.

3. తాత సమాధి మీద "జ్వరాల కాలంలో ఊరిని కాపాడినవాడు" అని ఉంది. చెక్కించింది నేనే. నలభై ఈస్టర్లు ఆ సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, బకెట్టు కడిగిన నీళ్లు దక్షిణం గోడ పక్కనే పారబోశాను. మా అవ్వ మీద పోశాను. గిడియోన్‌ను తిట్టే ముందు నన్ను నేను తిట్టుకున్నాను. సిగ్గుగా ఉంది.

4. ప్రిస్కిల్లాకు ఆ పత్రిక ప్రింట్లు, నా చేతి గడియారం. ఇంగ్లీషు చదివి నాకు తెలుగులో చెబుతూ, అవ్వ చావు దగ్గర ఏడ్చింది. ఈ వీలునామా అమలు చేసేది ఆమే.

5. నా సమాధికని గిడియోన్ నేను బతికుండగానే నల్లరాయి తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎంత ముందుచూపు. ఆ రాయి అవ్వకు పెట్టి, ఇలా చెక్కించాలి: "సుక్కమ్మ. ఊరు విడిచి పోలేదు." చెక్కించేదాకా ఇంట్లో గిడియోన్ వాటా వాడికి రాదు. నన్ను ఆమె కాళ్ల దగ్గర పూడ్చండి. నాకు రాయి వద్దు.

31 మార్చి 2008, గౌడవెల్లి
(సంతకం) యోహాను

సాక్షులు:
ఎల్లేష్, నెట్ సెంటర్, మేడ్చల్
గౌరయ్య, సమాధుల తోట కాపలాదారు