కార్తీకానికి మాయమైన సిపాయి

కారంపూడి,
8 జూలై 1986.

సైనిక రికార్డుల కచేరీలో తెలుగు చదవగలిగినవారు ఎవరుంటే వారికి,

కారంపూడి నుంచి జానకిరామయ్య నమస్కరించి రాసుకునే అర్జీ. ఇక్కడ మేమంతా క్షేమమని రాయలేను. క్షేమం లేకుండా చేసింది మీ కచేరీయే.

మా తమ్ముడు లింగమయ్య మీ పటాలంలో అయిదేళ్లు సిపాయిగా చేసి, 1970 ఆఖర్లో ఇంటికొచ్చాడు. గడువు తీరిందన్నాడు, నమ్మాం. పోయిన మాఘంలో జ్వరం తగిలి కాలం చేశాడు. దినాలయ్యాక వాడి ట్రంకుపెట్టె తెరిస్తే డిశ్చార్జి కాగితం దొరికింది. మా హైస్కూలు మేష్టారు దాన్ని చదివి, "అనుమతి లేకుండా పదే పదే దళం విడిచి వెళ్లినందున తొలగింపు" అని నాకు అర్థం చెప్పాడు. పొద్దుగూకేలోపు ఊరందరికీ చెప్పాడు.

పల్నాటి వీరుల కొణతం మోసే హక్కు మా ఇంటికి తాతల నాటిది. ఏటా కార్తీక అమావాస్యకు ఆ ఆయుధాలన్నీ వరసగా ఊరేగుతాయి. లింగమయ్య తరవాత మా కొణతం వాడి కొడుకు భుజానికెక్కాలి. ఇప్పుడేమో పెద్దలు, "ఏందయ్యా, పారిపోయిన సిపాయి కొణతాన్ని వీరుల వరసలో ఎట్టా నిలబెడతాం?" అంటున్నారు. మరదలు నాగేంద్రమ్మ తల దించుకుని తిరుగుతోంది. కాబట్టి కార్తీకంలోపు ఆ ముక్క కొట్టేసి, "గౌరవంగా విడుదల" అని రాసి పంపండి. మా తమ్ముడు దేనికీ వెన్ను చూపినవాడు కాడు.

ఇట్లు,
మీ మీద ఇంకా నమ్మకం కుదరని
జానకిరామయ్య

తా.క. కవరు అంచులన్నీ జొన్న సంకటితో అంటించాను. ఎక్కడైనా ఊడి ఉంటే మా పోస్ట్‌మాన్ సుభానీని అడగండి. నేనడిగితే నవ్వుతాడు.

---

రికార్డుల కచేరీ, తెలుగు అర్జీల విభాగం,
2 ఆగస్టు 1986.

శ్రీ జానకిరామయ్య గారికి,

మీ అర్జీ అందింది. మీ సోదరుని మృతికి మా సానుభూతి.

చనిపోయిన సైనికుని డిశ్చార్జిని మెరుగుపరచవలసిందిగా కుటుంబం కోరవచ్చును. అయితే ఆయన ధైర్యసాహసాలకు సాక్ష్యం కావాలి. 1966 నుంచి 1970 వరకు శ్రీ లింగమయ్య ఏయే పోరాటాలలో పాల్గొన్నారు? కళ్లారా చూసినవారు ఉన్నారా? ఉంటే వారి సంతకాలతో పంపగలరు. ఆయన మీ సోదరుడేనని కూడా ధ్రువపరచగలరు.

మీ విధేయురాలు,
ఫిలోమినా, అసిస్టెంటు

తా.క. మీ కవరు ఎక్కడా ఊడలేదు. కత్తెరతో కూడా ఊడలేదు. చివరికి దాన్ని ఆఫీసు చీమలు తెరిచాయి.

---

కారంపూడి,
19 ఆగస్టు 1986.

ఫిలోమినా అన్న పేరుతో రాస్తున్న వారికి,

మీరు నిజంగా ఆడమనిషేనా, లేక మెత్తటి పేరు పెట్టుకుని నా నోట్లోంచి మాట లాగాలని చూస్తున్న మగ ఆఫీసరా? ఎవరైతేనేం, అడిగారు గనక చెబుతున్నాను.

వాడు నా తమ్ముడవునో కాదో వాడి ముక్కు చూస్తే తెలిసేది. ముక్కు తీసుకెళ్లిపోయాడు. నా ముక్కు ఫోటో జతపరుస్తున్నాను.

ఇక పోరాటాల సంగతి. ఆ అయిదేళ్లలో వాడు ఒక్క యుద్ధం కూడా తప్పలేదు. మొదటి రోజు రాచగావు, రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు, అయిదో రోజు కళ్లిపాడు. అన్ని రోజులూ చేతిలో ఆయుధం ఉంది. మిలిటరీ బూట్లు విప్పేసి వట్టి కాళ్లతో నిలబడ్డాడు. లాంతర్లు బాగుచేసే అలీ సాహెబ్ మొదలుకుని ఊళ్లో సగంమంది చూశారు. వాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఇందులో ఉన్నాయి. మిగతా సగంమందిని నేనే వద్దన్నాను, వాళ్ల మీద నాకు అనుమానం.

ఇట్లు,
దాచేందుకేమీ లేని
జానకిరామయ్య

తా.క. గెలిచారా అని అడుగుతారేమో. లేదు. అయిదో రోజు మావాళ్లంతా ఒరిగిపోతారు. తరవాత లేచి, ఇళ్లకెళ్లి భోంచేస్తారు.

---

రికార్డుల కచేరీ,
15 సెప్టెంబరు 1986.
ఆంతరంగికం

శ్రీ జానకిరామయ్య గారికి,

మీ ఉత్తరాన్ని మా పై అధికారి గారికి అనువదించి వినిపించాను. వారు ఉత్తరాదివారు. విన్న తరవాత తలుపు వేయించారు.

మీ మొదటి ఉత్తరంలో "పల్నాటి వీరులు" అంటే ఏదో భజన సంఘమని మేము భావించాము. అది సాయుధ దళమని ఇప్పుడు తెలిసింది. ప్రభుత్వ సైన్యంలో ఉంటూ మరొక దళం తరఫున ఆయుధం పట్టడం సెలవు లేకుండా వెళ్లడం కంటే పెద్ద నేరం. కనుక కింది వాటికి వెంటనే జవాబివ్వగలరు. ఆ దళానికి కమాండరు ఎవరు? శత్రువు ఎవరు? ఆయుధాలు ఎక్కడ దాచారు? రెండో రోజు రాయబారం ఏ ప్రభుత్వంతో నడిచింది? కోడిపోరు అన్నది రహస్య సంకేతమా?

మీ విధేయురాలు,
ఫిలోమినా

తా.క. ఒరిగిపోయినవారు లేచి భోంచేశారన్న వాక్యాన్ని మా అధికారి గారు మళ్లీ మళ్లీ అనువదించమన్నారు. నేను ఆడమనిషినే. దయచేసి మరే ఫోటోలూ పంపవద్దు.

---

కారంపూడి,
1 అక్టోబరు 1986.

అమ్మా ఫిలోమినా,

నాకంతా అర్థమైంది. మా కొణతం ఊరేగకూడదని కోరుకునేవాడెవడో మీ కచేరీదాకా వచ్చి చెవి కొరికాడు. లేకపోతే పల్నాటి యుద్ధం తెలియని తెలుగు మనిషి ఉంటుందా? మీదే జిల్లా తల్లీ?

రాసుకో. కమాండరు పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. శత్రువు గురజాల. బస్సులో గంట ప్రయాణం. మా పెద్ద కోడల్ని అక్కడినుంచే తెచ్చుకున్నాం, కాబట్టి శత్రువు మా వంటింట్లో కూడా ఉంది. ఆయుధాలు వీర్ల గుడిలో ఉంటాయి, తాళంచెవి పూజారి మొలతాడుకుంటుంది. రాయబారం నడిపిన ప్రభుత్వాలు రెండూ ఇప్పుడు లేవు. కోడిపోరంటే కోడిపోరే, అందులో రహస్యమేమీ లేదు. ఇది మా వీరుల తిరునాళ్లు. చచ్చిపోయిన వీరుల్ని తలుచుకుని ఏటా ఆ యుద్ధాన్ని మళ్లీ జరుపుతాం.

దానికి వాడు ఏటా వచ్చాడు. అమావాస్య నాటికల్లా నరసరావుపేట బస్సు దిగేవాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. ఇలాంటి నిష్ఠాపరుణ్ణి పారిపోయినవాడంటారా?

ఇట్లు,
అనుమానం తీరని
జానకిరామయ్య

తా.క. మా మీదికి సైన్యాన్ని పంపే ఆలోచన ఉంటే ముందుగా తెలియజేయండి. మందపోరు రోజు ఊరంతా ఒకే పంక్తిన తింటాం. బియ్యం ఎక్కువ పోయించాలి.

---

రికార్డుల కచేరీ,
21 నవంబరు 1986.

శ్రీ జానకిరామయ్య గారికి,

మాది విశాఖపట్నం. సముద్రం తప్ప మాకు వేరే యుద్ధాలు తెలియవు, క్షమించాలి. మా అధికారి గారికి అంతా వివరించాను. తలుపు తెరిపించారు.

అయితే చెప్పడానికి బాధగా ఉంది. లింగమయ్య గారు దళంలో కనిపించకుండా పోయిన రోజులన్నీ కార్తీక అమావాస్య చుట్టూనే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన అనారోగ్యంతో ఎక్కడో పడి ఉన్నారేమోనని అనుమానం మిగిలి ఉంటే, దాని ప్రయోజనం ఆయనకే దక్కేది. ఆయన కారంపూడిలో ఆరోగ్యంగా, ఆయుధంతో ఉన్నారని మీరు ఊళ్లో సగంమంది చేత సాక్ష్యం చెప్పించారు. కనుక తొలగింపు సరైనదేనని నిర్ణయమైంది. మీ అర్జీ తిరస్కరించబడింది.

విచారంతో,
ఫిలోమినా

తా.క. మిగతా సగంమందిని పిలవకపోవడం మంచిదైంది.

---

కారంపూడి,
6 డిసెంబరు 1986.

చిరంజీవి ఫిలోమినాకు ఆశీస్సులు.

నీ ఉత్తరం రాచగావు రోజున సుభానీ తెచ్చిచ్చాడు. చదివి కూలబడ్డాను. పాతికేళ్లుగా నేను అందరినీ అనుమానించాను గాని, నా నోటిని అనుమానించలేదు. తమ్ముడి మీద నేరం రుజువు చేసింది నేనే. ఏడ్చాను తల్లీ, సిగ్గులేకుండా వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

ఆ ఏడుపు చూసి పెద్దలొచ్చారు. ఉత్తరం లాక్కుని, వీర్ల గుడి ముందు మేష్టారి చేత పైకి చదివించారు. తరవాత పెద్దాయన లేచి, "ఓరి నీ పాసుగూల, కొలువు పోద్దని తెలిసి కూడా కొణతానికొచ్చాడంట్రా! మనలో ఎవుడన్నా ఒక్కరోజు కూలి వదులుకుని వచ్చాడా?" అన్నాడు. మా కొణతాన్ని అందరికంటే ముందు నిలబెట్టారు. లింగమయ్య కొడుకు భుజాన అది వెళుతుంటే జనం చేతులు జోడించారు.

కాబట్టి ఒక్క మనవి. ఆ కాగితాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చొద్దు. దయగల ఆఫీసరెవరైనా వచ్చి "గౌరవంగా" అని దిద్దబోతే అడ్డం పడు. మా పరువు తీయొద్దు.

ఇట్లు,
నిన్ను మాత్రమే నమ్మిన
జానకిరామయ్య

తా.క. వీలైతే "తొలగింపు" అన్న మాటను ఎర్రసిరాతో, పెద్ద అక్షరాలతో రాసి మరో ప్రతి పంపించు. పటం కట్టిస్తాను.

---

కారంపూడి,
14 డిసెంబరు 1986.

అమ్మా ఫిలోమినా,

నేను లింగమయ్య భార్యను, నాగేంద్రమ్మను. అక్షరాలు పక్కింటి కరీమున్నీసావి, మాటలు నావి. ఈ ఉత్తరం సంగతి బావగారికి తెలియకూడదు. సుభానీ చేత ఒట్టు పెట్టించుకున్నాను.

నీతో అబద్ధమాడలేను తల్లీ. ఆయన కొణతం కోసం రాలేదు. పెళ్లయిన కొత్తలో పటాలానికి వెళ్లాడు. నేను ఉండలేకపోయేదాన్ని, ఆయనా ఉండలేకపోయేవాడు. వేరే నెలలో వస్తే బావగారు గుమ్మంలోనే, "ఎందుకొచ్చావురా, సెలవిచ్చారా, కాగితం చూపించు" అని నిలదీస్తాడు. బావగారి అనుమానం నీకు తెలిసిందే కదా. కార్తీకంలో వస్తే మాత్రం ఎవరూ అడగరు. అందుకని వీరుల్ని అడ్డం పెట్టుకున్నాం. ఊరేగింపులో కొణతం మోసి, అందరి కంటా పడి, పెరటి దారిన ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలిచేవాడు. మళ్లీ తనంతట తనే వెళ్లి శిక్షకు నిలబడేవాడు. ఎందుకెళ్లావని ఆఫీసర్లు ఎంత అడిగినా నోరు విప్పలేదట. "పెళ్లాం కోసమని చెబితే నవ్వుతారే" అని నాతో చెప్పి తనే నవ్వాడు.

ఇన్నాళ్లూ ఆయన్ని పారిపోయినవాడంటే తల దించుకున్నాను. ఇప్పుడు వీరుడంటున్నారు, ఇంకా దించుకునే ఉన్నాను, నవ్వు కనబడకుండా. ఊళ్లో ఇది ఇలాగే ఉండనీ. నువ్వు మాత్రం మీ దస్త్రంలో ఎక్కడో ఒక మూల, పెన్సిలుతోనైనా సరే, కారణం నాగేంద్రమ్మ అని రాసి ఉంచు.

ఇట్లు,
నీకు అత్త వరసయ్యే
నాగేంద్రమ్మ

తా.క. ఒక్క ఏడు మాత్రం నిజంగా వీరుల కోసమే వచ్చాడు. ఆ ఏడు మా ఇద్దరికీ మాటల్లేవు.