వెదుళ్ళలంకకు ఒక్కసారి పడవ

రేవుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
అమలాపురం.

అయ్యా,

విషయం: వెదుళ్ళలంకలో ఉన్న నా కుమార్తెను చూచి వచ్చుటకు, గోదావరికి ఎర్రనీరు, అనగా కొత్త వరద, రాక మునుపే, ఒక్క దినము పడవకు అనుమతి కోరుట గురించి.

ఐ.పోలవరం మండలం, రేవుగట్టు మీద కాపురమున్న కీర్తిశేషులు కనకరాజు గారి భార్య వీరాయమ్మ అను నేను, చదువు రానిదాననగుటచే నోటితో చెప్పి రాయించి, వేలిముద్ర వేసి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా కుమార్తె సత్యవేణి మూడవ యేట జ్వరముతో చనిపోయినది. అవి వరద రోజులు. ఆనాడు కూడా పడవ లేదు. ఇవతల ఒడ్డున డాక్టరు గారి మేడ మాకు కనపడుతూనే ఉన్నది. పసిపిల్లలను కాల్చరు గనుక లంకలోనే మా దొడ్డి చివర పాతిపెట్టినాము. ఆ చోట నా భర్త ఒక కొబ్బరి మొక్క నాటినారు. సదరు మొక్క చెట్టయి నేటికీ కాస్తున్నది. కాస్తున్నదనే అనుకొనుచున్నాను.

2. ఏటేటా గోదావరి కోతకు లంక కరిగిపోయి, కాపురాలన్నీ ఇవతలికి వచ్చేసినవి. మేమూ వచ్చినాము. ఇంటి కోసం నాకు బెంగ లేదు, అది మట్టిగోడ, తాటాకు. ప్రతి ఏడూ పిల్ల పుట్టిన మాఘమాసంలో రేవు పడవ ఎక్కి పోయి, చెట్టు మొదట్లో కాసేపు కూర్చుని, ఒక బొండం దింపించుకుని తాగి వచ్చేదానను. కూతురింటికి వెళ్ళిన తల్లికి ఆ మాత్రం మర్యాద ఉండవలెను గదా.

3. క్రిందటి ఏడు వేరొక రేవులో పడవ తిరగబడిన మీదట అన్ని రేవులూ ఆపివేసినారు. తరువాత పెద్ద రేవులకు అనుమతి వచ్చినది, మా రేవుకు రాలేదు. కారణం అడుగగా మీ గుమస్తా గారు, "మనుషుల్లేని లంకకి పడవెందుకండీ మామ్మగారూ" అన్నారు. "నా పిల్ల ఉందండి" అన్నాను. "ఆయ్, అలాగైతే అర్జీ పెట్టుకోండి" అన్నారు. పెట్టుకొన్నాను.

4. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండవ దానికీ లేదు. మూడవ దానికి వచ్చినది. అర్జీలు రాసే కృపానందం గారు దానిని చదివి వినిపించి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అందులో ఇట్లున్నది: "సిబ్బందిని లంకకు పంపి విచారించగా, సత్యవేణి అను పేరుగల వ్యక్తి అచ్చట నివసించుట లేదు. కావున తమ అర్జీ మూసివేయడమైనది."

అయ్యా, మీ సిబ్బంది వెళ్ళినది పడవలోనే గదా. ఆ పడవలో నాకు చోటు లేకపోయినదా? నేను ఆ పూట రేవులోనే ఉన్నాను. ఇద్దరు అబ్బాయిలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని నా ఎదురుగానే ఎక్కినారు. "ఎక్కడికి బాబూ" అంటే, "ఎవరో ముసలావిడ కూతురు తప్పిపోయిందంటండి, ఎంక్వైరీకి ఎల్తన్నాం" అన్నారు. అయ్యో పాపం అనుకొన్నాను. ఆ ముసలావిడను నేనేనని నాకు తోచలేదు. నా కూతురు తప్పిపోలేదు. ఎక్కడ ఉన్నదో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేను ధైర్యంగా ఉన్నది ఆ ఒక్క సంగతి మీదనే.

5. ఇప్పుడు లంక ఒడ్డు కోసుకుపోతూ మా దొడ్డి దాకా వచ్చేసినదని వేటకు పోయేవారు చెప్పుచున్నారు. నన్ను ఎక్కించుకొంటే పడవ లాక్కుంటారని వారికి భయము. చెట్టు ఉన్నదా అని అడిగితే ఒకరు ఉందంటారు, ఒకరు వల దులుపుకొంటూ మొహం తిప్పుకొంటారు.

6. ప్రయాణానికి ఏర్పాట్లన్నీ చేసుకొన్నాను. తమరి అనుమతి ఒక్కటే తక్కువ. పడవ మునుపు మా రేవు నడిపిన పోలయ్యది. సముద్రం పోటు మీద వెళ్ళి, నీరు వెనక్కు తీసే పాటు మీద తిరిగి వచ్చెదము. వచ్చేవారు నేను, నా తోడికోడలు బేబి, చెట్టు ఎక్కుటకు గంగయ్య. లైఫ్ జాకెట్టు లేనిదే కుదరదంటే చీర మీద తొడుక్కొంటాను. నన్ను ఆ వేషంలో చూడ్డానికైనా వస్తానని బేబి నవ్వుచున్నది. "ఈ వయసులో గోదాట్లో పడితే ఏం చేత్తావే అక్కా" అన్నది. "పడితే పిల్ల దగ్గిరికే కొట్టుకుపోతానే" అన్నాను. ఈ మాట రాస్తే అనుమతి రాదని కృపానందం గారు బతిమాలుచున్నారు. రాయమన్నాను.

7. పిల్లను తవ్వి తెచ్చుకొనెదనని తమరు శంకించవద్దు. ఇన్నేళ్ళ మట్టిలో ఏముంటుంది? ముదిరిన కాయ ఒక్కటి దింపించుకుని వచ్చి, నా గుమ్మం ముందు పాతించుకొనెదను. అది మొలిచి ఆకు విప్పేదాకా నేనుంటానో లేదో. బేబి నీళ్ళు పోస్తుంది. అడుగుచున్నది అదే. ఒక్క కాయ. ఎర్రనీరు వస్తే ఆ కాయా లేదు, చెట్టూ లేదు, నా పిల్ల ఫలానా చోట ఉన్నదని చెప్పుకొనుటకు చోటూ లేదు.

కావున తమరు ఈ నాలుగవ అర్జీని మూసివేయక, చిత్తగించి, నన్ను పడవ ఎక్కించవలెను.

ఇంతవరకూ తమ విధేయురాలు,
వీరాయమ్మ
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

తా.క. కృపానందం గారూ, ఇది మాత్రం నేనన్నది అన్నట్టే రాయండి. బాబూ, ఆరోజు ఎల్లిన అబ్బాయిలిద్దర్నీ ఓసారి పిలిచి అడగండి. దొడ్డి చివర, నీళ్ళకేసి వంగిన కొబ్బరిచెట్టు, మొదట్లో నల్లరాయి ఉంటది. లంకంతా తిరిగేరు కదా, చూసే ఉంటారు. నిలబడుంటే ఉందని ఒక్క ముక్క రాయించండి. పడిపోయుంటే మటుకు నాకు జవాబివ్వకండి. మీ ఆఫీసు నించి జవాబు రాకపోడం మామూలే కదండీ. ఇంకా ఉందనే అనుకుంటాను.