వేపకొమ్మకు వేలాడే హెల్మెట్

నరసింగరావు అన్నయ్యగారికి,

ఆదివారంలోగా వేపచెట్టుకున్న డబ్బాలన్నీ తీసేయాలని మీరు మెట్ల దగ్గర అంటించిన నోటీసు చదివాను. తీయను. పిల్లల చేత తీయించను కూడా.

సెలవుల్లో ఫోన్లు పట్టుకు కూర్చున్న పిల్లల్ని పోగుచేసి, పాత నూనె డబ్బాలకు కిటికీలు కోసి, పిట్టలు వాలడానికి పుల్లలు గుచ్చించింది నేనే. నూకలు కూడా మా ఇంటివే. కోప్పడాలంటే నన్ను కోప్పడండి. రెట్టలు మీ స్కూటర్ మీద పడుతున్నాయంటే, దాన్ని కాస్త పక్కకు పెట్టుకోండి. చెట్టయితే జరగలేదు కదా!

మొన్న మన బ్లాకు మీటింగులో, "ఇది క్వార్టరా, పిట్టల్నీ జంతువుల్నీ పెట్టే చిడియాఘరా? ఆ తిరగేసి కట్టిన హెల్మెట్ ఎవుడిది? ప్లాంటులో పనిచేసినోడికి దాని విలువ తెలీదేటి?" అని అరిచారు. మీ మనవరాలు జాగృతి నా కొంగు పట్టుకుని వెనక నిలబడింది. పదిమందిలో ఆ పిల్ల తిట్లు తినకూడదని అది ఎవరిదో నేను అప్పుడు చెప్పలేదు.

ఆ హెల్మెట్ మీదే అన్నయ్యగారూ. లోపల మీ పేరు ఇంకా చెరిగిపోలేదు. "తాతయ్య రిటైరయ్యాక ఇది బేకార్‌గా పడుంది ఆంటీ, పిట్టలకిచ్చేద్దాం" అంటూ జాగృతే తెచ్చింది. దాని గడ్డం పట్టీతోనే కొమ్మకు కట్టుకుంది. అందరికంటే ముందు పిచ్చుకలు వాలింది దాని మీదే. ఇది తెలిశాక ఆ పిల్లను ఒక్క మాటన్నా నేను ఊరుకోను.

ఆదివారం పొద్దున నూకలు పోయడానికి పిల్లలతో అక్కడే ఉంటాను. మీరూ రండి. జాగృతి చూస్తుండగా, ముందు ఆ హెల్మెట్ ముడి మీ చేత్తో విప్పండి చూద్దాం. తర్వాత మిగతా డబ్బాల సంగతి మాట్లాడదాం.

మీ పై ఇంటి చెల్లెలు