విత్తనాల ముంత

పుంగనూరు.

మీ పాదాలకు నమస్కరించి మీ సరోజ రాయునది. ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదివాక అందులో నిజమెంతో మీకే తెలుస్తుంది. కుప్పంలో మీరూ మీ పట్టుపురుగులూ కులాసా అని తలుస్తాను. ఆ షెడ్డు దగ్గర సిగ్నలుంటే ఇంత రాసే పని తప్పేది.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం గట్టిగా ఉంది. నీలిమ పిల్లలతో వచ్చి నాలుగు రోజులుండి మదనపల్లెకు వెళ్లింది. అల్లుడికి మండీలో టమోటా సీజను, అందుకని రాలేదు. ఇక మూడోది. వచ్చే ఏడు మన చేలోనే మల్బరీ నాటుకుందాం, నేను కుప్పం వదిలి వచ్చేస్తాను, నువ్వేమంటావు అని అడిగారు. ఎన్నిసార్లు రాసినా ఉలకవు పలకవు అని కోప్పడ్డారు కూడా. దానికి చివర్లో చెబుతాను.

ఈలోగా ఒక విడ్డూరం వినండి. మీ అమ్మ దూడను తెచ్చింది!

నేనింకా తేరుకోలేదు. మొన్న పొద్దున లేచి చూస్తే ఆవిడ మంచం ఖాళీ. పక్కింటి మంగమ్మ, "ముసిలామె సంచి సంకన బెట్టుకోని బస్టాండు పక్క పోతాండె గదమ్మా" అంది. ఎనభై దాటిన మనిషి, వాకిలి దిగాలంటే నా భుజం కావాలి. బస్టాండంతా వెతికాను, కనపడిన కండక్టరునల్లా అడిగాను. సాయంత్రం ఆటోలో దిగింది. వెనకే మీ మేనమామ కొడుకు మునిచంద్ర, వాడి చేతుల్లో పుంగనూరు పొట్టిజాతి పెయ్యదూడ, కుక్కపిల్లంత. పెద్దపంజాణి దాకా పోయి, దూడను ఇయ్యకుంటే ఈణ్ణించి లెయ్యనని వాళ్ల గడప మీద కూర్చుందట. వాడు తల గోక్కుంటూ, "ఏం జేసేదక్కా, మా అత్తతో ఎవురు పెట్టుకుంటారు" అన్నాడు.

ఆవిడ మాట తీరు మీకు తెలియనిదా? గడిచినదంతా నిన్న జరిగినట్టు చెబుతుంది, రేపటి జోలికి మాత్రం పోదు. మామగారు బావి తవ్వించినప్పుడు బండ పడిన కథ రోజూ కొత్తగా చెబుతుంది. పండక్కి ఏం చేద్దామత్తా అంటే "నేనుంటే సూస్తాం లే" అంటుంది. పెద్ద సబ్బు తెస్తే, "ఇది అరిగేదాకా నేనుండొద్దా" అని తిప్పి పంపుతుంది. మనం చాటుగా నవ్వుకునేవాళ్లం. అరవై దగ్గరపడ్డాక నాకూ ఆ గాలి సోకింది. 'అప్పట్లో' అని నేను మొదలుపెట్టగానే నీలిమ ఫోను తీసుకుంటుంది. అయినా, సబ్బు అరిగేదాకా ఉంటానో లేదో అనే మనిషి, మూడేళ్లకు గానీ ఈనని దూడను తెచ్చి మన పంచలో కట్టేస్తే నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఎందుకు తెచ్చిందో చెప్పాలంటే అంతకు ముందు రోజు సంగతి చెప్పాలి. ఇన్ని ఉత్తరాల్లోనూ నేను రాయకుండా దాటేసింది కూడా అందులోనే ఉంది.

నీలిమ వచ్చినప్పుడు పితికిపప్పు కావాలంది. పచ్చికాయల కాలం కాదు కదా. అటక మీది ముంత దించి, బూడిద దులిపి, విత్తనానికి దాచిన అనపగింజలన్నీ నానబోసి పితికి వండేశాను. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు. వాళ్లు వెళ్లాక మబ్బు పట్టింది. వానలొచ్చేలోగా గింజలు ఒకసారి ఎండబెట్టమని మీ అమ్మ ముంత అడిగింది. తెచ్చి ఇచ్చాను. చెయ్యి పెట్టి తడిమింది.

"ఏమ్మే సరోజా, గింజలు యాడ?"

"వండేసినానత్తా."

"ఇత్తనాలా?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముంత ఒళ్లో పెట్టుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నేనుంటే, నేనుంటే అని నేను ఎన్నేండ్లుగానో అంటానే ఉండా. ఒక్క ఏడన్నా ఇత్తనాల ముంత ముట్టినానా? నువ్వు నోటితో అన్ల్యా. చేత్తో జేసినావు. ఏమైందో సెప్పు."

అప్పటిదాకా నేను చేసిందేమిటో నాకే తెలియదు. నిజం, మీ మీద ఒట్టు. గింజలున్నాయి, వండాను అనుకున్నానే తప్ప, వచ్చే కారుకి ఈ ఇంట్లో నేను విత్తనం చల్లనని ఎప్పుడో లోపల తీర్మానం చేసుకున్నానని ఆవిడ అడిగాకే తెలిసింది.

ఏమండీ, నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. చీరలకని చెప్పి ఒంటరిగా మదనపల్లె పోయి చూపించుకున్నాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరని వచ్చింది. ఇంకా పాకలేదు, ఆపరేషన్ చేస్తే నయమవుతుంది, జాగు చేయొద్దమ్మా అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సరేనని వచ్చాను, మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది కదా, నాకూ అంతేలే అనుకున్నాను. మీరు మల్బరీ అని రాసినప్పుడల్లా కాగితం మడిచి పెట్టేశాను. వచ్చే ఏడు అని రాయబోయి కొట్టేసేదాన్ని. మీకు చెప్పనందుకు కోపమొస్తే వచ్చి తిట్టండి, పడతాను.

మీ అమ్మ అంతా విని ఏడవలేదు, ఓదార్చలేదు. అన్నం తిని పడుకుంది. తెల్లారి పెద్దపంజాణి పోయింది.

దూడ మెడలో తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మూడేండ్లకు ఈన్తాది. జున్ను నువ్వే వండల్ల" అంది. నేను వెర్రిదానిలా, "నువ్వు తింటావా అత్తా?" అన్నాను.

"నేనుంటే తింటా," అంది. "నువ్వు మాత్రం ఉండి వండల్ల."

అప్పుడు ఏడ్చాను. దూడ బెదిరిపోయేలా ఏడ్చాను.

నిన్న డాక్టరమ్మకు ఫోను చేశాను. సోమవారం రమ్మంది. పురుగులు గూడు కట్టే వేళని తెలుసు, ఎవరికైనా అప్పగించి ఆదివారానికల్లా రండి. ఒంటరిగా ఇంకోసారి ఆ మెట్లు ఎక్కలేను.

మీరడిగిన దానికి జవాబు: మన చేలోనే నాటుదాం. ఒక పక్క దూడకు గడ్డికి కొంచెం వదలండి. వచ్చేటప్పుడు కుప్పంలో అనప విత్తనాలు దొరికితే తెండి. ముంత కడిగి ఎండబెట్టాను, ఇంట్లో ఒక్క గింజ లేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ భార్య సరోజ