గుడివాడ వైపు ఐసు డబ్బా

జనవరి 1998, ఆదివారం రాత్రి, బందరు

సుబ్బారావు బావ ఇవాళ గుడివాడ హాకీ జట్టు వైపు కూర్చున్నాడు. మన బందరు జట్టు ఎప్పుడు ఆడినా, దెబ్బ తగిలిన కాళ్లకు పెట్టడానికి గిలకలదిండి చేపల రేవు నుంచి ఐసు తెచ్చేది ఆయనే. ఇవాళ ఆ ఐసు డబ్బా కూడా వాళ్లకే మోసుకెళ్లాడు.

"ఏంటి బావా ఇది?" అని అడిగాను.

"ఓడిపోయేవాళ్ల కోసం ఎన్నాళ్లని అరవనురా? నాకూ ఒక్కసారి గెలవాలనుండదా?" అన్నాడు.

గెలుస్తాడట! జన్మలో హాకీ కర్ర పట్టని మనిషి!

ఆట ముగుస్తుందనగా మనవాళ్లు ఒక్క గోల్ కొట్టారు. గుడివాడ వాళ్లంతా నోరు మెదపకుండా కూర్చుంటే, వాళ్ల మధ్యలోంచి "కొట్టార్రా మనోళ్లు!" అని ఒకడు గంతేశాడు. బావే. కాలు తగిలి డబ్బా బోర్లాపడింది.

"మనోళ్లెవరండీ?" అన్నాడు పక్కాయన. బావ వంగి, గడ్డిలో ఐసు ముక్కలు ఏరుకున్నాడు.

ఛీ! జట్టు మారడం కూడా చేతకాదు.

ఎలాగూ ఓడిపోయాం. వచ్చే ఆటకి సిగ్గులేకుండా డబ్బాతో మళ్లీ మన వైపే వస్తాడు. ముఖం మీదే పొమ్మనాలి. పొమ్మంటే మాత్రం, మన వైపు అరవడానికి ఇక నేనొక్కణ్ణే...